ఖూనీ దర్వాజా: నగరం పోయినా నిలిచిన ద్వారం

పాత ఢిల్లీకి దక్షిణపు వాకిలి అయిన ఢిల్లీ గేటు దాటి ఐటీఓ కూడలి వైపు సాగే దారిలో, బహదూర్ షా జఫర్ మార్గ్ మీద ఒక కోట ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. దానికి అటూ ఇటూ గోడ లేదు. వెనుక కోట లేదు, ముందు అగడ్త లేదు. ఒకవైపు ఫిరోజ్ షా కోట్లా శిథిలాలు, క్రికెట్ మైదానం. మరోవైపు మౌలానా ఆజాద్ వైద్య కళాశాల. అదే దారిలో మరికాస్త ముందుకు వెళ్తే జాతీయ దినపత్రికల భవనాల వరుస. దేశ రాజకీయాలను రోజూ రాసే వారిలో రెండు మూడు తరాల వారు ఈ ద్వారం ముందు నుంచే తమ కార్యాలయాలకు వెళ్లారు. దాని పేరు ఖూనీ దర్వాజా.

ఆ పేరును తెలుగు పాఠకుడికి అనువదించి చెప్పనక్కరలేదు. పారశీకంలో నెత్తురుకు ఖూన్ అని పేరు. ఆ మాట ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి హత్యకు పర్యాయపదమై, మన పత్రికల శీర్షికల్లో ‘ప్రజాస్వామ్యం ఖూనీ’గా స్థిరపడింది. అయితే ఈ ద్వారానికి పుట్టుకతో వచ్చిన పేరు అది కాదు. దీని తొలి పేరు కాబూలీ దర్వాజా. ఎర్రరాతి అలంకరణ వల్ల లాల్ దర్వాజా అని కూడా అన్నారు. కాబూలుకు పోయే బాటసారి దాటే వాకిలి నెత్తుటి వాకిలిగా ఎలా మారిందన్నది ఒక కట్టడం కథ మాత్రమే కాదు. రాజ్యం చేతిలో చిక్కిన మనిషి ప్రాణానికి ఏ పూచీ ఉంటుందన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

ద్వారాన్ని కట్టించిన కాలం షేర్షా సూర్‌ది. 1539లో చౌసా వద్ద, 1540లో కనౌజ్ వద్ద హుమాయూన్‌ను ఓడించి ఢిల్లీ గద్దెనెక్కిన ఈ అఫ్ఘాన్ పాలకుడు 1545లో కాలంజర్ కోట ముట్టడిలో మందుగుండు ప్రమాదానికి బలయ్యాడు. అతనికి దక్కింది ఐదేళ్ల పాలన. ఆ ఐదేళ్లలోనే వెండి రూపాయిని స్థిరపరిచాడు. బెంగాల్‌ను వాయవ్య సరిహద్దుతో కలిపే రాజమార్గాన్ని బాగుచేసి దారి పొడవునా సరాయిలు కట్టించాడు. హుమాయూన్ మొదలుపెట్టిన దీన్‌పనాహ్ కోటను, అంటే నేటి పురానా ఖిల్లాను, తన రాజధానికి కేంద్రంగా చేసుకున్నాడు. దాని చుట్టూ వెలసిన నగరానికి షేర్‌గఢ్ అని పేరు. ఉత్తరాన ఆ నగరపు వాకిలి ఈ కాబూలీ దర్వాజా అని ఎక్కువ మంది చరిత్రకారుల అభిప్రాయం. దక్షిణాన పురానా ఖిల్లాకు ఎదురుగా, మాహం అంగా 1561లో కట్టించిన ఖైరుల్ మనాజిల్ మసీదు పక్కన, మరో ద్వారం ఉంది. దాన్నీ లాల్ దర్వాజా అనే పిలిచారు. ఒకే నగరానికి చెందిన రెండు వాకిళ్లకు ఒకే పేరు రావడంతో పాత రాతల్లో ఇది అదిగా, అది ఇదిగా కనిపించి తికమక పెడుతుంది. ఈ రెంటి మధ్య రెండు మైళ్ల దూరంలో ఒకప్పుడు ఒక రాజధాని ఉండేదంటే నేడు నమ్మడం కష్టం.

గోడ ఎటు పోయింది? ఢిల్లీలో రాతికి పునర్జన్మలెక్కువ. సీరీ నగరపు రాళ్లు షేర్షా కట్టడాల్లోకి చేరాయి. ఫిరోజ్ షా తుగ్లక్ 1354లో నెలకొల్పిన ఫిరోజాబాద్ రాళ్లు షాజహాన్ 1639లో పునాది వేసిన కొత్త నగరానికి తరలిపోయాయి. ప్రతి పాలకుడూ ముందువాడి రాజధానిని రాతి గనిగానే చూశాడు. రాజధానులు మార్చి, పాత పేర్లు చెరిపి కొత్త పేర్లు పెట్టడం నేటి ప్రభుత్వాలు కనిపెట్టిన విద్య కాదు.

ఇక కట్టడం సంగతి. సుమారు 15.5 మీటర్ల ఎత్తు, మూడు అంతస్తులు. ప్రధానంగా వాడింది ఢిల్లీ పరిసర గుట్టల్లో దొరికే బూడిదరంగు క్వార్ట్‌జైట్ రాయి. కమాను చుట్టూ, కిటికీల చట్రాలకూ ఎర్ర ఇసుకరాయి. ఈ రెండు రాళ్లకూ స్వభావంలో చాలా తేడా ఉంది. క్వార్ట్‌జైట్ గట్టిది, ఉలికి లొంగదు. అందువల్ల దాన్ని చెక్కకుండా, ముక్కలుగానే పేర్చి, సున్నపు గచ్చుతో బిగించి మందపాటి గోడలు లేపారు. ఇసుకరాయి మెత్తనిది, అంచులు చక్కగా తీరుతాయి. అందుకే చూపు నిలిచే చోట దాన్ని వాడారు. బలానికి ఒక రాయి, అందానికి మరొకటి. తుగ్లక్‌ల కాలపు మొరటు బిగువు, ఆ తర్వాత మొగలుల చేతిలో పండిన ఎర్రరాతి సొగసు, రెండూ ఈ గోడ మీద పక్కపక్కనే కనిపిస్తాయి. సూర్ వంశపు కట్టడాలను ఆ రెండు యుగాల మధ్య వంతెనగా వాస్తు చరిత్రకారులు చెప్పడానికి కారణం ఇదే.

కోట ద్వారమంటే గోడకు పెట్టిన కంత కాదు. అదే ఒక చిన్న కోట. ఎంత బలమైన ప్రాకారానికైనా వాకిలి దగ్గరే బలహీనత ఉంటుంది. కాబట్టి అక్కడ గోడను మందం చేసి, పైకి లేపి, లోపల మెట్లు, గదులు అమర్చి, కావలివారిని నిలిపేవారు. గోల్కొండ చూసినవారికి ఈ తర్కం తెలిసినదే. అక్కడ ఫతే దర్వాజా తలుపులకు ఏనుగులు కుమ్మకుండా ఇనుప మేకులు దిగగొట్టారు, శత్రువు నేరుగా దూసుకురాకుండా ఎదుట అడ్డుగోడ కట్టారు. కాబూలీ దర్వాజా అంత పటిష్ఠమైన యుద్ధ నిర్మాణం కాదు. ఎత్తైన కమాను, పై అంతస్తుల్లో దారిని కనిపెట్టి చూసే కిటికీలు, పైకి చేరే ఇరుకు మెట్లు. ముట్టడికి ఎదురొడ్డడం కంటే రాకపోకల మీద అదుపు దీని అసలు పని. పొద్దుగూకితే మూయడం, తెల్లవారితే తీయడం, సరుకు మీద సుంకం వసూలు చేయడం, కొత్త ముఖాల ఆరా తీయడం.

వీటితో పాటు నగర ద్వారానికి ఇంకో పని ఉండేది. అందరూ దాటవలసిన చోటు కాబట్టి, అందరికీ చెప్పవలసినది అక్కడ చెప్పేవారు. ఫర్మానాలు చదవడానికి, శిక్షలు ప్రదర్శించడానికి అంతకంటే అనువైన చోటు లేదు. ఖిల్జీల కాలపు చోర్ మినార్ ఇప్పటికీ దక్షిణ ఢిల్లీలో హౌజ్ ఖాస్ ఇళ్ల మధ్య ఉంది. తెగిన తలలను దూర్చడానికే దాని ఒంటి నిండా కన్నాలు పెట్టారని ప్రతీతి. అచ్చు యంత్రం లేని కాలంలో రాజ్యం ప్రజలకు పంపే వార్తకు నగర వాకిలే మొదటి పుట.

ఈ ద్వారం మీద అల్లుకున్న కథలు అలా పుట్టినవే. అక్బరు కొలువులో నవరత్నాల్లో ఒకడిగా పేరొందిన, హిందీ దోహాల కవిగా నేటికీ పిల్లలు చదువుకునే అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా కుమారులిద్దరిని జహంగీర్ ఇక్కడ చంపించి శవాలను కుళ్లనిచ్చాడని ఒక కథ. చరిత్ర దాన్ని బలపరచదు. రహీం కొడుకుల్లో ఒకడు తాగుడు వల్ల పోయాడు. దారాబ్ ఖాన్ అనే మరొకడి తలను షాజహాన్ తిరుగుబాటు రోజుల్లో మహాబత్ ఖాన్ తీయించి, ముసలి తండ్రికి పంపిన మాట నిజమే కానీ, అది ఢిల్లీకి దూరాన తూర్పు ప్రాంతంలో జరిగింది. దారా షికో తలను ఔరంగజేబు ఈ ద్వారానికి వేలాడదీయించాడని ఇంకో కథ. 1659 ఆగస్టులో దారాను ఢిల్లీ వీధుల్లో ఊరేగించి, ఆ తర్వాత చంపించి, హుమాయూన్ సమాధి ప్రాంగణంలో పూడ్పించిన మాట వాస్తవం. తల ఈ వాకిటికి చేరిందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అసలు హత్య ఎక్కడ జరిగినా జనశ్రుతి దాన్ని తెచ్చి ఈ ద్వారానికే కట్టింది. అలా కట్టడానికి ఒక కొయ్య కావాలి కదా. ఆ కొయ్యను 1857 దిగగొట్టింది.

ఆ ఏడాది మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరారు. 81 ఏళ్ల బహదూర్ షా జఫర్‌ను తిరుగుబాటుకు నాయకుడిగా నిలిపారు. ఆయన కుమారుడు మీర్జా మొగల్ సేనాధిపతి అయ్యాడు. సెప్టెంబరు 14న కంపెనీ సైన్యం నగర గోడలను ఛేదించింది. 20 నాటికి ఎర్రకోట వారి వశమైంది. పాదుషా కుటుంబంతో హుమాయూన్ సమాధికి తరలిపోయాడు. అక్కడ దాగిన సంగతి కంపెనీకి చేరడానికి కారకుడు పరాయివాడు కాదు, పాదుషాకు వియ్యంకుడి వరసైన మీర్జా ఇలాహీ బక్ష్. వేగుల విభాగాన్ని నడిపిన కెప్టెన్ విలియం హాడ్సన్ 21న వెళ్లి, ప్రాణభయం లేదన్న హామీ ఇచ్చి పాదుషాను లొంగదీశాడు.

మరునాడు, 1857 సెప్టెంబరు 22న, అదే హాడ్సన్ సుమారు నూరు మంది రౌతులతో మళ్లీ అదే సమాధికి వెళ్లాడు. ఈసారి వెళ్లింది షాజాదాల కోసం. మీర్జా మొగల్, అతని తమ్ముడు మీర్జా ఖిజ్ర్ సుల్తాన్, పాదుషా మనవడు మీర్జా అబూబకర్ అక్కడ ఉన్నారు. తండ్రికి ఇచ్చిన హామీ తమకూ ఇవ్వమన్నారు. హాడ్సన్ ఒప్పుకోలేదు, బేషరతుగా లొంగమన్నాడు. చాలాసేపు కబుర్లు అటూ ఇటూ నడిచాక ముగ్గురూ బయటికి వచ్చి ఎడ్లబండి ఎక్కారు. వారిని కొందరు సైనికులతో ముందు పంపి, హాడ్సన్ ప్రాంగణంలో గుమిగూడిన జనాన్ని ఆయుధాలు కింద పెట్టమని ఆజ్ఞాపించాడు. వారు పెట్టారు. ఆ కత్తులూ తుపాకులూ పోగుచేయడానికి రెండు గంటలు పట్టిందని ఇంగ్లీషు వారి కథనాలే చెబుతున్నాయి.

తర్వాత అతను బండిని కలుసుకున్నాడు. నగర గోడ కనుచూపు మేరలో ఉంది. గోడ లోపల కంపెనీ సైన్యం ఉంది. కాబూలీ దర్వాజా వద్ద బండి ఆపించి, ముగ్గురినీ దింపించి, పైబట్టలు తీయించాడు. ఒక రౌతు చేతిలోని తుపాకీ అందుకుని ముగ్గురినీ తానే కాల్చాడు. వారి ఉంగరాలు, దండకడియాలు, కత్తులు తీసుకున్నాడు. శవాలను చాందినీ చౌక్‌లోని కొత్వాలీ ముందు బహిరంగంగా పడవేయించారు. 1675లో గురు తేగ్ బహదూర్‌కు శిరచ్ఛేదం జరిగిన చోటు ఆ దగ్గర్లోనిదే. హాడ్సన్ వెంట ఉన్న సిక్కు రౌతుల్లో కొందరికి ఇది నూట ఎనభై ఏళ్ల బాకీ తీరినట్టు తోచిందని చెబుతారు. ఒక మొగలు పాదుషా చేసిన హత్యకు, అతని వంశంలో తరాల తర్వాత పుట్టినవారు సమాధానం చెప్పవలసి వచ్చింది. చరిత్రను పగగా మోసుకు తిరిగితే జరిగేది అదే. ఆ సిక్కుల పగను తన పనికి వాడుకున్నవాడు ఇంగ్లాండు నుంచి వచ్చిన మతగురువు కొడుకు.

షాజాదాల తలలు పళ్లెంలో పెట్టి ముసలి పాదుషాకు పంపారన్న కథ దక్షిణాసియా అంతటా ప్రచారంలో ఉంది. దానికి సమకాలీన ఆధారం లేదు. జరిగిన ఘాతుకం చాలనట్టు దానికి అలంకారాలు తొడగడం వల్ల నష్టమే. ఒక కల్పన బయటపడితే, దాని పక్కనున్న నిజం కూడా అనుమానం పాలవుతుంది.

ఎందుకు కాల్చాడు? హాడ్సన్ చెప్పిన కారణం ఒక్కటే. జనం బండి చుట్టూ మూగారు, ఖైదీలను విడిపించేటట్టు ఉన్నారు, తన రౌతుల ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయి, మరో దారి లేదు. ఈ మాటకు సాక్షులు హాడ్సన్, అతని కింది అధికారి మాక్‌డోవెల్. అతని లేఖలను 1859లో లోకానికి అందించినవాడు అతని సోదరుడు. చంపినవాడు, చంపినవాడి సహచరుడు, చంపినవాడి అన్నదమ్ముడు, ఇంతే లోకానికి అందిన సాక్ష్యం. గుమిగూడిన జనం తరఫున ఒక్క వాంగ్మూలమూ లేదు. రెండు గంటల పాటు ఆయుధాలు అప్పగించిన జనం, కొన్ని మైళ్ల తర్వాత, నగర గోడకు అంత చేరువలో, నూరు మంది సాయుధులను ఎలా భయపెట్టగలిగారన్న ప్రశ్న అప్పుడే లేచింది. సామ్రాజ్యానికి విధేయుడైన చరిత్రకారుడు మాలెసన్ సైతం ఈ హత్యలు అనవసరమని తప్పుపట్టాడు. నిజంగా ఖైదీలను విడిపించుకుపోయే ప్రమాదమే ఉంటే, బండి ఆపి, బట్టలు విప్పించి, వరసగా కాల్చేటంత తీరిక ఎక్కడిది?

షాజాదాలు అమాయకులని ఎవరూ అనలేదు. మే 16న ఎర్రకోట ప్రాంగణంలో బందీలుగా ఉన్న సుమారు యాభై మంది ఐరోపా వారిని, ఎక్కువగా స్త్రీలను, పిల్లలను, తిరుగుబాటుదారులు నరికి చంపారు. ఆ పాపంలో షాజాదాలకు వాటా ఉందని ఇంగ్లీషు వారి ఆరోపణ. అబూబకర్ దౌర్జన్యాల మీద ఢిల్లీ పౌరులే చేసుకున్న ఫిర్యాదులు నేటికీ జాతీయ ఆర్కైవ్స్‌లోని 1857 కాగితాల్లో ఉన్నాయి. మీర్జా మొగల్ ఆ నాలుగు నెలలూ నడిపిన కార్యాలయపు ఉత్తరువులు కూడా ఆ కట్టల్లో గుట్టలుగా ఉన్నాయి. జీతాలు, రేషను, మందుగుండు, కొట్లాటల పరిష్కారం, అన్నీ. విచారణ జరిగి ఉంటే నేరమైనా తేలేది, నిరపరాధమైనా తేలేది. కాగితాలకు కొదువ లేదు. పాదుషాకు ఆ మాత్రపు అవకాశం దక్కింది. 1858 జనవరి 27 నుంచి మార్చి 9 వరకు, ఒకనాడు తన కొలువు దీరిన దీవానె ఖాస్‌లోనే ఆయన ముద్దాయిగా కూర్చున్నాడు. అది న్యాయ విచారణ అనిపించుకోవడానికి చాలా దూరం. కంపెనీ కాగితాల మీద పాదుషాకు నౌకరు, నౌకరు యజమాని మీద రాజద్రోహం మోపడమేమిటని చరిత్రకారులు ఎత్తిపొడిచారు. అయినా అక్కడ సాక్షులున్నారు, ప్రశ్నలున్నాయి, రాతపూర్వకమైన నమోదు ఉంది. ఆ నమోదు ఉన్నందువల్లే ఆ విచారణ ఎంత బూటకమో ఈనాడు చెప్పగలుగుతున్నాం. కాబూలీ దర్వాజా దగ్గర జరిగినదానికి అలా ఎత్తిపొడవడానికి కూడా ఏమీ మిగలలేదు.

ద్వారానికి ఎదుటి వైపు ఫిరోజ్ షా కోట్లా శిథిలాల పైన ఒక రాతి స్తంభం ఉంది. అశోకుడిది. నేటి హర్యానాలోని తోప్రా నుంచి ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని పడవల మీద యమునలో తేలించి తెప్పించాడు. దాని మీద ఏం రాసి ఉందో ఆయన కాలంలో చదవగలిగినవారు లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించాడు. ఆ శాసనాల్లో ఒకటి మరణశిక్ష పడ్డవారి గురించినది. విచారణ ముగిసి శిక్ష ఖరారైన ఖైదీకి మూడు రోజుల గడువు ఇవ్వాలని, ఆలోగా బంధువులు ప్రాణభిక్ష కోసం అధికారులకు మొర పెట్టుకోవచ్చునని అందులో ఉంది. హాడ్సన్ తుపాకీ పేలడానికి ఇరవై ఏళ్ల ముందే ఆ మాటలను చదివి చెప్పినది కంపెనీ అధికారే.

షాజాదాల హత్యతో ద్వారానికి కొత్త పేరు స్థిరపడింది. హాడ్సన్ ఆరు నెలలకే, 1858 మార్చిలో, లక్నోలో తూటా తగిలి పోయాడు. అతని సమాధి అక్కడి లా మార్టినియర్ ప్రాంగణంలో ఉంది. అతను పోగుచేసిన రౌతుల దళం ఇంకా ఉంది. స్వతంత్ర భారత సైన్యంలో ఫోర్త్ హార్స్‌గా, బ్రాకెట్లో హాడ్సన్ పేరుతో కొనసాగి, 1965 యుద్ధంలో ఫిల్లోరా వద్ద పోరాడింది. చంపినవాడి పేరు దళానికి, చనిపోయినవారి తండ్రి పేరు రోడ్డుకు. వలస పాలన వారసత్వాన్ని వదిలించుకోవడం గురించి ఆవేశంగా మాట్లాడేవారికి ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక అరుదు.

ద్వారం చుట్టుపక్కల నేల ఆ తర్వాత కూడా ప్రశాంతంగా లేదు. నేడు వైద్య కళాశాల ఉన్నచోట ఒకప్పుడు మొగలుల నాటి సరాయి ఉండేది. ఇంగ్లీషు వారు దాన్ని ఢిల్లీ జైలుగా మార్చారు. 1912లో వైస్రాయి హార్డింజ్ మీద చాందినీ చౌక్‌లో బాంబు పడిన కేసులో మాస్టర్ అమీర్ చంద్, అవధ్ బిహారీ, భాయ్ బాల్‌ముకుంద్‌లను 1915 మేలో ఆ జైల్లోనే ఉరితీశారు. 1928 సెప్టెంబరులో భగత్ సింగ్, అతని సహచరులు రహస్యంగా కలుసుకుని తమ సంస్థ పేరులో ‘సోషలిస్టు’ అన్న మాట చేర్చుకున్నది ఎదుటి కోట్లా శిథిలాల్లోనే. 1947లో పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి ఢిల్లీ ముస్లింల శరణార్థి శిబిరాలయ్యాయి. ఆ శిబిరాలకు వెళ్తున్నవారిలో కొందరు ఈ ద్వారం దగ్గర హతులయ్యారని చెబుతారు. తొంభై ఏళ్ల కిందట పాదుషా తలదాచుకున్న సమాధిలోనే ఆయన ఢిల్లీ జనం తలదాచుకోవలసి రావడం మాత్రం ఎవరూ చెప్పుకునే కథ కాదు, కళ్లారా జరిగినది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ దారిలో పత్రికలు వెలిశాయి. 1975 జూన్ 25 అర్ధరాత్రికి రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. ఆ రాత్రి బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని ముద్రణాలయాలకు విద్యుత్తు ఆగిపోయింది. కనాట్ ప్లేస్ వైపు, వేరే విద్యుత్ సరఫరా మీద ఉన్న ఒకటి రెండు పత్రికలు మాత్రం మరునాడు వచ్చాయి. ఏ తుపాకీ పేలలేదు, ఏ వాకిలీ మూయలేదు. ఒక మీట నొక్కారు, అంతే. నగర ద్వారం ఒకనాడు చేసిన పనిని, అంటే ఏ వార్త లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో తేల్చే పనిని, ఆ రాత్రి విద్యుత్ శాఖ చేసింది. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలి అచ్చువేసింది.

హాడ్సన్ చెప్పిన కారణం మాత్రం అతనితో పోలేదు. ఖైదీని తీసుకుపోతున్నారు, దారిలో ప్రమాదం ఎదురైంది, ఆత్మరక్షణ కోసం కాల్చారు, సాక్షులు కాల్చినవారే. ఈ నాలుగు వాక్యాలు తెలుగు పాఠకుడికి కంఠతా వచ్చు. అర్ధశతాబ్దంగా ‘ఎన్‌కౌంటర్’ అన్న ఇంగ్లీషు మాట తెలుగులో ఏ అర్థంలో స్థిరపడిందో ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి ప్రతి మరణం మీదా కేసు నమోదు చేయవలసిందేనని తీర్పిచ్చింది. ఆత్మరక్షణ అన్న వాదనను నిరూపించుకోవలసింది కోర్టులోనేనంది. 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో పోలీసుల అదుపులో ఉన్న నలుగురు నిందితులు కాల్పుల్లో మరణించారు. వారు తుపాకులు లాక్కుని దాడి చేశారని పోలీసులు చెప్పారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది.

1857లో ఢిల్లీలోని ఇంగ్లీషు శిబిరం కూడా హాడ్సన్‌ను మెచ్చుకుంది. వారి దుఃఖం నిజమైనది, మే నెలలో పోయినవారి బంధువులు ఆ శిబిరంలో ఉన్నారు. పూలు చల్లిన జనం ఆగ్రహం కూడా నిజమైనదే. అయితే 1857లో తేడా ఒకటుంది. హాడ్సన్ మీద విచారణకు ఏ కమిషనూ వేయలేదు.

ఇంత చరిత్ర మోసిన ద్వారం పరిరక్షిత కట్టడం. వానాకాలంలో దాని కప్పు నుంచి నెత్తురు కారుతుందని ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. ఎర్రరాతి మీదుగా జారిన నీటికి ఆ మాత్రం రంగు అంటకపోతుందా? దయ్యాల కథలకు ఉన్న గిరాకీ ఈ కట్టడం అసలు కథకు లేదు. పత్రికలు కూడా ఏటా ఒకసారైనా దాన్ని ‘దయ్యాల ద్వారం’గానే గుర్తు చేసుకుంటాయి.

2002 నవంబరులో, పట్టపగలు, రోడ్డు మీద వాహనాలు పోతుండగానే, పక్కనున్న కళాశాలకు చెందిన ఒక వైద్య విద్యార్థినిని కత్తితో బెదిరించి ఈ ద్వారం పైకి లాక్కుపోయి అత్యాచారం చేశారు. నాటి పోలీసు ప్రధాన కార్యాలయం అక్కడికి దగ్గర్లోనే ఉంది. విద్యార్థులు రోడ్డెక్కారు, పార్లమెంటు అట్టుడికింది. నాటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ అత్యాచారానికి మరణశిక్ష విధించాలన్నారు. అప్పుడు ప్రభుత్వం వెంటనే తీసుకున్న చర్య, ద్వారం లోపలికి ప్రజల ప్రవేశాన్ని ఆపివేయడం. షేర్షా కావలివారు ఎక్కి దారిని కనిపెట్టిన మెట్లకు అప్పటి నుంచి తాళం ఉంది.